రౌటర్ టేబుల్‌కి అల్యూమినియం ప్లేటు: చెక్కపని పనిముట్లతోనే లోహాన్ని జాగ్రత్తగా కోసి, నున్నగా తీర్చడం ఎలా

ఇంట్లో చెక్కపని చేసుకునేవాళ్లకి ఏదో ఒక రోజు లోహంతో పని పడుతుంది. నాకు రౌటర్ టేబుల్ చేసుకున్నప్పుడు పడింది. రౌటర్‌ని (వేగంగా తిరిగే బిట్టుతో చెక్కలో గాళ్లు తీసే, అంచులు తీర్చే మెషిను) టేబుల్ కింద తలకిందులుగా వేలాడదీయాలంటే మధ్యలో ఒక ప్లేటు కావాలి. 18 మి.మీ. ప్లైవుడ్‌కే నేరుగా బిగిస్తే బిట్టు పైకి చాలినంత లేవదు. 6 మి.మీ. ప్లైవుడ్ పెడితే రౌటర్ బరువుకి కొన్నాళ్లకి మధ్యలో కుంగుతుంది. అదే 6 మి.మీ. అల్యూమినియం ప్లేటు అయితే సన్నగా ఉంటుంది, కుంగదు. రెడీమేడ్ ప్లేట్లు దొరుకుతాయి కానీ వాటి రంధ్రాలు మన రౌటర్‌కి కలవాలని లేదు. అందుకే సొంతంగా కోసుకున్నాను.

ఇక్కడ ఆ ప్లేటునే మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. కొలత 300 × 230 మి.మీ., మందం 6 మి.మీ. మీకు కావలసింది వేరే బ్రాకెట్టో, జిగ్ అడుగుభాగమో, తలుపుకి కొట్టే రేకో అయినా పని వరస ఇదే.

ఏ లోహాన్ని ఏ మెషినుతో కోయొచ్చు

మొదలుపెట్టే ముందు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. చెక్క కోసే మెషిన్లతో, సరైన బ్లేడు వేసుకుని, అల్యూమినియం కోయొచ్చు. చెక్క కోసే సర్క్యులర్ సాతో (గుండ్రటి బ్లేడు తిరిగే చేతి రంపం) ఇనుము కోయకూడదు.

కారణం వేగం. 7 అంగుళాల సర్క్యులర్ సా నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుందనుకుంటే, బ్లేడు పళ్ల కొస నిమిషానికి దాదాపు 2,800 మీటర్లు ప్రయాణిస్తుంది. అల్యూమినియం మెత్తన, వేడిని త్వరగా తనలోంచి పంపించేస్తుంది, అందుకే బ్లేడుకి ఉండే కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) పళ్లు ఆ వేగంలో కూడా దాన్ని శుభ్రంగా చెక్కేస్తాయి. మైల్డ్ స్టీలు, అంటే మనం మామూలుగా ఇనుము అనేది, అలా కాదు. మామూలు హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీలు) డ్రిల్ బిట్టుతో దాన్ని కోసే వేగం నిమిషానికి 25 మీటర్ల దగ్గర ఉంటుంది. చెక్క బ్లేడుని 2,800 మీటర్ల వేగంతో స్టీలు మీద పెడితే కార్బైడ్ ముక్కలు విరిగి ఎగురుతాయి. అవి ముఖం వైపు రావని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అందుకని నా లెక్క ఇది: అల్యూమినియానికి జిగ్‌సా (సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడే చేతి రంపం), సర్క్యులర్ సా, రౌటర్, డ్రిల్ అన్నీ పనికొస్తాయి. ఇత్తడి కూడా దాదాపు అంతే, కాకపోతే డ్రిల్ చేసేటప్పుడు బిట్టుని లోపలికి లాగేసుకుంటుంది, గట్టిగా బిగించాలి. మైల్డ్ స్టీలుకి హాక్సా, లోహం బ్లేడు వేసిన జిగ్‌సా, డ్రిల్ చాలు, గ్రైండర్ అయితే ఆరుబయటే. స్టెయిన్‌లెస్ స్టీలుని ఇంట్లో ముట్టుకోకండి. అది బ్లేడు రుద్దుకున్న చోట గట్టిపడి బ్లేడుని తినేస్తుంది. లేజర్ కటింగ్ షాపులో ఇచ్చేయడం మంచిది.

ఇంకొకటి. మన దగ్గర చాలామంది మార్బుల్ కట్టర్‌కో, 4 అంగుళాల గ్రైండర్‌కో చెక్క కోసే పళ్ల బ్లేడు బిగించి వాడతారు. పనివాళ్లు చేస్తున్నారు కదా అని మీరు చేయకండి. ఆ మెషిన్లు నిమిషానికి 11,000 నుంచి 13,000 చుట్లు తిరుగుతాయి. పన్ను ఎక్కడైనా పట్టేసిందంటే మెషిను చేతిలోంచి ఎగిరి మెడకో తొడకో తగిలేదాకా ఆగదు. చెక్కకే అది ప్రమాదం. లోహానికి ఆ ఆలోచనే వద్దు.

ప్లేటు కొనేటప్పుడు

అల్యూమినియంలో చాలా రకాలున్నాయి. మెత్తటి రకం, అంటే 1100 లాంటి స్వచ్ఛమైన అల్యూమినియం, వంచడానికి బాగుంటుంది కానీ కోతకి జిగురులా బ్లేడుకి అంటుకుంటుంది. 6061, 6082 రకాలు, అందులోనూ టీ6 గట్టిదనం ఉన్నవి, కోతకి చక్కగా పొడిపొడిగా రాలతాయి. 6082నే మన షాపుల్లో పాత పేరుతో హెచ్‌ఈ30 అని కూడా అంటారు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో అడిగేటప్పుడు "హెచ్‌ఈ30 ప్లేటు, 6 మి.మీ." అంటే షాపువాడికి వెంటనే అర్థమవుతుంది.

అమ్మేది కిలోల లెక్కన. వెళ్లే ముందే బరువు లెక్కేసుకోండి. అల్యూమినియం ఘన సెంటీమీటరుకి 2.7 గ్రాములు. మన ప్లేటు 30 × 23 × 0.6 సెం.మీ., అంటే 414 ఘన సెంటీమీటర్లు. 2.7తో గుణిస్తే సుమారు 1,118 గ్రాములు. కోతకి, ఆకురాయి (ఫైల్) పనికి చుట్టూ ఓ 5 మి.మీ. ఎక్కువ ఉన్న ముక్క తీసుకోండి. షాపులో మిగులు ముక్కలు ఒక మూలన పడేసి ఉంటాయి, అడిగితే వాటిలోంచే ఇస్తారు. ముక్కని కంటి ఎత్తుకి లేపి అంచు వెంట చూడండి. వంపు ఉంటే అక్కడే వదిలేయండి. వంగిన ప్లేటుని ఇంట్లో సాపు చేయడం నా వల్ల ఎప్పుడూ కాలేదు.

షీరింగ్ మెషిను (రేకుని కత్తెరలా కోసేది) ఉన్న షాపయితే నాలుగు పక్కలా కొలతకి కోసి ఇమ్మనండి. కొద్ది డబ్బుతో సగం పని తప్పుతుంది. దొరక్కపోతే మనమే కోసుకోవాలి.

గది, బట్టలు, చేతులు

చెక్క పొట్టు ఉన్న గదిలో లోహం పని చేయబోతున్నామన్నది మరిచిపోకూడదు. అల్యూమినియం కోస్తే నిప్పురవ్వలు రావు, కానీ రజను వేడిగా వస్తుంది. కాబట్టి ముందు గది ఊడ్చేయండి. మెషినుకి తగిలించిన డస్ట్ బ్యాగు తీసేయండి. రంపపు పొట్టుతో నిండిన వాక్యూమ్ క్లీనర్‌ని దానికి తగిలించవద్దు.

అల్యూమినియం సన్నటి పొడికి మండే గుణం ఉంది. దానికి ఇనుప తుప్పు పొడి తోడై, పైన నిప్పురవ్వ పడితే విపరీతమైన వేడితో మండుతుంది. రైలు పట్టాలు అతకడానికి వాడే థర్మైట్‌లో ఉండేవి ఈ రెండు పొడులే. అందుకే ఒకే శాండరు మీద, ఒకే బ్యాగులోకి అల్యూమినియం పొడినీ ఇనుము పొడినీ ఎప్పుడూ కలపకండి. అల్యూమినియం పొడి అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఇంకా పెరుగుతుంది. పొడి ఇసుక పోయాలి. నా బల్ల కింద ఒక బకెట్ ఇసుక ఎప్పుడూ ఉంటుంది.

కళ్లకి అద్దాలు తప్పనిసరి. చూపు కోసం పెట్టుకునే కళ్లజోడు చాలదు, పక్కలు కూడా మూసే సేఫ్టీ గాగుల్స్ కావాలి. సర్క్యులర్ సాకి ముఖమంతా కప్పే షీల్డు కూడా పెట్టుకోండి. లోహం కోత చప్పుడు చెక్క కోత కంటే చాలా ఎక్కువ, చెవులకి మఫ్‌లు పెట్టుకోండి. లుంగీ, తువ్వాలు, చున్నీ, వేలాడే చేతుల చొక్కా వద్దు. ఉంగరం, కడియం, గాజులు, వాచీ తీసేయండి. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. చొక్కా మెడ బొత్తాం పెట్టుకోండి. వేడి రజను మెడలోంచి లోపల పడితే మనిషి ఉలిక్కిపడతాడు, ఆ సమయంలో చేతిలో తిరుగుతున్న మెషిను ఉంటుంది.

గ్లవ్స్ విషయంలో చాలామంది పొరబడతారు. కోసిన ప్లేటుని ఎత్తేటప్పుడు, మోసేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి, అంచులు బ్లేడులా ఉంటాయి. డ్రిల్, రౌటర్, రంపం తిరుగుతున్నప్పుడు మాత్రం తీసేయాలి. గ్లవ్ దారం బిట్టుకి చుట్టుకుంటే చెయ్యి మొత్తం లోపలికి పోతుంది.

గీత గీయడం

పెన్సిల్ గీత అల్యూమినియం మీద కనబడదు, చేత్తో తాకితే పోతుంది. ప్లేటు మీద మాస్కింగ్ టేపు అతికించి దాని మీద గీసుకోండి. టేపు మెషిను అడుగు రుద్దుకుని గీతలు పడకుండా కూడా కాపాడుతుంది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే నల్ల మార్కర్‌తో రంగు పూసి, దాని మీద స్క్రైబర్‌తో (గీతలు గీసే పదునైన ఉక్కు మొన) సన్నగా గీయండి. మెరిసే గీత స్పష్టంగా కనబడుతుంది.

షాపు నుంచి వచ్చిన అంచుల్లో బాగా తిన్నగా ఉన్నదాన్ని ఎంచుకోండి. మూలమట్టం దానికే ఆనించి అన్ని గీతలూ అక్కణ్నుంచే తీయండి. వేరే వేరే అంచుల నుంచి కొలిస్తే చివరికి మూలలు కలవవు. కోత గీతని అసలు కొలతకి 1 మి.మీ. బయట పెట్టండి. ఆ మి.మీ. ఆకురాయికి వదిలేది.

మూలల గుండ్రదనం ఇప్పుడే గీసేయాలి. టేబుల్‌లో ప్లేటు కూర్చునే గాడిని 12 మి.మీ. రౌటర్ బిట్టుతో తీస్తే మూలలు 6 మి.మీ. వ్యాసార్థంతో వస్తాయి. ఎం6 వాషర్ బయటి వ్యాసం సరిగ్గా 12 మి.మీ. ఉంటుంది. ఆ వాషర్‌ని రెండు గీతలకీ ఆనించి చుట్టూ గీస్తే కావలసిన వంపు దానికదే వచ్చేస్తుంది.

కోత: ముందు జిగ్‌సా

మొదటిసారి చేసేవాళ్లు జిగ్‌సాతోనే మొదలుపెట్టండి. నెమ్మదిగా పోతుంది, తప్పు చేసినా పెద్ద దెబ్బ తగలదు.

బ్లేడు ఎంపికకి ఒకటే సూత్రం: ప్లేటు మందంలో దాదాపు రెండు పళ్లైనా ఒకేసారి ఉండాలి. 6 మి.మీ. అల్యూమినియానికి అంగుళానికి 8 పళ్ల బ్లేడు సరిపోతుంది. టీ127డీ అని రాసి ఉండే బ్లేడు ఇందుకే చేసింది. సన్నటి పళ్ల బ్లేడు వేస్తే పళ్ల మధ్య రజను ఇరుక్కుని, కరిగినట్టు అంటుకుపోయి, కోత ఆగిపోతుంది. 2 మి.మీ. రేకుకి మాత్రం సన్నటి పళ్లే కావాలి. పెద్ద పళ్లు వేస్తే అంచుని పట్టుకుని వంచేస్తాయి.

ప్లేటుని బల్ల అంచుకి రెండు సీ క్లాంపులతో బిగించండి, గీతకి వీలైనంత దగ్గరగా. గీత దూరంగా గాలిలో ఉంటే ప్లేటు గడగడ వణుకుతుంది, బ్లేడు విరుగుతుంది. ఆర్బిటల్ మీటని (బ్లేడుని ముందుకీ వెనక్కీ కూడా ఊపేది) సున్నా మీద పెట్టండి. వేగం సగానికి కాస్త ఎక్కువ చాలు.

ఇక మైనం సంగతి. మామూలు కొవ్వొత్తి తీసుకుని గీత పొడవునా రుద్దండి, బ్లేడుకీ రుద్దండి. లేత్ పనివాళ్లు అల్యూమినియానికి కిరసనాయిలు వాడతారు, కోత బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ చెక్క పొట్టు ఉన్న గదిలో, బ్రష్‌ల దగ్గర చిన్న మెరుపులు వచ్చే మోటారు కింద, మండే నూనె నేను పెట్టను. కొవ్వొత్తి మైనం చాలు. చిన్న డబ్బాలో తేనె మైనం ఉన్నా మంచిదే.

మెషిను ఆన్ చేసి, పూర్తి వేగం అందుకున్నాక ప్లేటుకి తగిలించండి. నెట్టే బలం ఎంతో చెప్పడం కష్టం, చెవితో తెలుసుకోవాలి. సరిగ్గా పోతున్నప్పుడు చప్పుడు ఒకే శ్రుతిలో ఉండి, సన్నటి మెరిసే పెచ్చులు రాలతాయి. కీచుమని అరిస్తే మీరు నెట్టడం లేదు, బ్లేడు ఊరికే రుద్దుకుంటోందని అర్థం. మోటారు మూలుగుతుంటే ఎక్కువ నెడుతున్నారు. ప్రతి 5 సెం.మీ.కి ఆపి బ్లేడు చూడండి. పళ్ల మధ్య వెండిరంగు ముద్ద పేరుకుంటే ఇత్తడి బ్రష్‌తో తీసి, మళ్లీ మైనం పట్టించండి. చివరి 2 సెం.మీ.లో తెగిపోయే ముక్కకి కింద ఆసరా ఉండాలి, లేదంటే అది వంగి బ్లేడుని పట్టేస్తుంది.

సర్క్యులర్ సాతో అయితే

అంచు దాదాపు గీసినట్టు వస్తుంది, ఆకురాయి పని తగ్గుతుంది. కానీ బ్లేడు విషయంలో సర్దుబాటు లేదు. చెక్క బ్లేడులో పళ్లు ముందుకి వంగి ఉంటాయి, లోహాన్ని గబుక్కున కొరుకుతాయి. లోహం బ్లేడులో పళ్లు నిటారుగానో కాస్త వెనక్కి వాలో ఉంటాయి, ఒక పన్ను చదరంగా, ఒక పన్ను మూలలు తీసి ఉంటుంది. ప్యాకెట్ మీద అల్యూమినియానికి అని రాసి ఉండాలి. 7 అంగుళాల బ్లేడుకి 60 పళ్లు అయితే బాగుంటుంది. బ్లేడు మీద రాసిన గరిష్ఠ వేగం మీ మెషిను వేగం కంటే ఎక్కువ ఉందో లేదో చూడండి.

ప్లేటు కింద ఒక పనికిరాని ప్లైవుడ్ ముక్క మొత్తం పరిచి, రెంటినీ కలిపి బల్లకి బిగించండి. రంపం అడుగు ఆనించి జరపడానికి ఒక తిన్నని చెక్కపట్టీ బిగించండి. చేతి ఊహతో లోహం కోయొద్దు. బ్లేడు వంకర పోతే ఇరుక్కుని మెషిను వెనక్కి తన్నుతుంది. బ్లేడు లోతు ప్లేటు కిందకి 5 మి.మీ. కంటే ఎక్కువ దిగకూడదు. 6 మి.మీ. ప్లేటుని నేను రెండు విడతల్లో కోస్తాను. మొదట 3 మి.మీ. లోతు, తర్వాత మొత్తం. మీరు బ్లేడు వరసలో నిలబడకండి, పక్కకి నిలబడండి. కింది గార్డుని పైకి కట్టేయడం ఎంత తొందరలో ఉన్నా చేయకండి.

పని అయ్యాక మెషినుకి ప్లగ్గు తీసి, గాలి రంధ్రాల్లో చేరిన రజనుని బ్రష్‌తో తుడవండి. అల్యూమినియం కరెంటుని ప్రవహింపజేస్తుంది. మోటారులో పేరుకుంటే షార్ట్ అవుతుంది. మీ వర్క్‌షాపు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉందో లేదో కూడా ఈ సందర్భంలో చూసుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఒక మాట. మీ టేబుల్ సా సాస్టాప్ అయితే, బ్లేడుకి అల్యూమినియం తగలగానే వేలు తగిలిందనుకుని బ్రేకు పడిపోతుంది. బ్లేడూ కార్ట్రిడ్జీ రెండూ పోతాయి. బైపాస్ మోడ్ పెట్టాకే కోయండి, ఆ కోతకి వేళ్లని కాపాడే ఏర్పాటు పనిచేయదని గుర్తుంచుకోండి.

రంధ్రాలు

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న పట్టీని ఎడమ చేత్తో పట్టుకుని డ్రిల్ చేశాను. బిట్టు అవతలికి తేలే చివరి క్షణంలో అంచుని పట్టేసింది. పట్టీ గిర్రున తిరిగి బొటనవేలి మొదట్లో కోసింది. మూడు కుట్లు పడ్డాయి. రంధ్రం ఎంత చిన్నదైనా ప్లేటు బిగించి ఉండాలని ఆ రోజు నుంచీ నాకు నేను పెట్టుకున్న నియమం. బిట్టు పట్టేసేది ఎప్పుడూ చివర్లోనే. అక్కడ ఒత్తిడి తగ్గించాలి, కింద చెక్క ముక్క ఉండాలి.

రౌటర్‌కి ఉన్న ప్లాస్టిక్ అడుగు విప్పి, ప్లేటు మీద పెట్టి, దాని రంధ్రాలనే అచ్చుగా వాడి గుర్తులు పెట్టండి. తర్వాత సెంటర్ పంచ్‌తో ఒక్కో గుర్తు మీద ఒక దెబ్బ. ఆ చిన్న గుంట లేకపోతే బిట్టు జారి ప్లేటంతా గీతలు పెడుతుంది.

వేగానికి తేలిక లెక్క ఉంది. లోహానికి తగిన వేగాన్ని నిమిషానికి మీటర్లలో తీసుకుని 318తో గుణించి, బిట్టు వ్యాసంతో భాగించండి. అల్యూమినియానికి 60 అనుకుంటే, 10 మి.మీ. బిట్టుకి సుమారు 1,900 చుట్లు. మైల్డ్ స్టీలుకి 25 అనుకుంటే అదే బిట్టుకి 800 చుట్లు. 5 మి.మీ. బిట్టుకి అల్యూమినియంలో 3,800 వస్తుంది, మన చేతి డ్రిల్లు అంత తిరగదు, కాబట్టి పూర్తి వేగం పెట్టుకోవచ్చు. పెద్ద రంధ్రాలకి ముందు సన్న బిట్టు, తర్వాత పెద్దది. మధ్యమధ్యలో బిట్టు పైకి తీసి రజను రాలనివ్వండి. తీగలా చుట్టుకున్న రజనుని చేత్తో లాగొద్దు, మెషిను ఆపి బ్రష్‌తో తీయండి.

ఎం5 స్క్రూకి 5.5 మి.మీ. రంధ్రం వేసి, తల ప్లేటులోకి దిగడానికి పైన కౌంటర్‌సింక్ చేయాలి. మెట్రిక్ స్క్రూల తల కోణం 90 డిగ్రీలు. చెక్కపనికి కొన్న కౌంటర్‌సింక్ బిట్టు 82 డిగ్రీలది కావచ్చు, దానితో తల సరిగ్గా కూర్చోదు. చూసుకుని వాడండి. వేగం బాగా తగ్గించి, గట్టిగా నొక్కాలి. వేగం ఎక్కువైతే గుండ్రంగా కాకుండా పువ్వు రేకుల్లా వస్తుంది. స్క్రూ పెట్టి చూస్తూ కొద్దికొద్దిగా దించండి. తల ఉపరితలం కంటే ఒక వెంట్రుక లోపలికి ఉండాలి. పైకి తేలితే తర్వాత ప్రతి చెక్కా దానికే తట్టుకుంటుంది.

నాలుగు మూలల దగ్గరా ఎం5 మర వేస్తే చిన్న గ్రబ్ స్క్రూలతో (తల లేని స్క్రూలు) ప్లేటుని టేబుల్‌కి సమం చేసుకోవచ్చు. దానికి 4.2 మి.మీ. రంధ్రం వేసి, ట్యాప్‌కి (రంధ్రంలో మర కోసే పనిముట్టు) మైనమో నూనో రాసి, సగం చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ పోండి. వెనక్కి తిప్పినప్పుడు లోపల రజను చిటుక్కున తెగడం చేతికి తెలుస్తుంది. ఆ చిటుకు తెలియకుండా ముందుకే తిప్పుతూ పోతే ట్యాప్ లోపలే విరుగుతుంది. విరిగిన ట్యాప్‌ని బయటికి తీయడం కంటే కొత్త ప్లేటు కొనడం సులువు.

మధ్యలో బిట్టు వచ్చే 40 మి.మీ. రంధ్రానికి బైమెటల్ హోల్ సా (డ్రిల్‌కి బిగించే, అంచున పళ్లున్న గిన్నెలాంటి రంపం) వాడాలి, వేగం 300 చుట్ల దగ్గర. ఇక్కడ ఒక చిట్కా. హోల్ సాతో ముందు అర మి.మీ. లోతు వలయం గీసి ఆపండి. ఆ వలయం గాడి మీద, లోపలి వైపుకి, ఒక 6 మి.మీ. రంధ్రం వేయండి. ఆ రంధ్రం తీసేసే బిళ్ల వైపే ఉండాలి, బయటి అంచుని దాటకూడదు. తర్వాత కోత కొనసాగిస్తే రజనంతా ఆ రంధ్రం గుండా కిందికి రాలిపోతుంది. లేకపోతే గాడిలోనే తిరిగి తిరిగి వేడెక్కి పళ్లకి అంటుకుంటుంది. వీలైతే ఈ పని స్టాండు డ్రిల్లు మీదే చేయండి. చేతి డ్రిల్లుకి పక్క హ్యాండిల్ బిగించి రెండు చేతులా పట్టుకోండి, పట్టేసినప్పుడు మణికట్టు మెలిపెడుతుంది.

అంచులు

కోసిన అంచు వెంట పదునైన పొర ఒకటి లేచి ఉంటుంది. వర్క్‌షాపుల్లో దాన్ని బర్ అంటారు. ప్లేటుని ఇంకో చోటికి కదిపే ముందే ఆకురాయితో దాన్ని తీసేయండి. చేతులు తెగేది ఎక్కువగా దానివల్లే.

గీతదాకా తేవడానికి ముందు గరుకు ఆకురాయి, తర్వాత నున్నటిది. ప్లేటుని వైస్‌లో రెండు చెక్క ముక్కల మధ్య, అంచు కొద్దిగా మాత్రమే పైకి ఉండేలా బిగించండి. ఆకురాయికి పిడి తప్పకుండా ఉండాలి. పిడి లేని తోక అరచేతిలో దిగుతుంది. ముందుకి నెట్టేటప్పుడే బలం, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తేయాలి. అల్యూమినియం ఆకురాయి పళ్లలో ఇరుక్కుని, ఆ ముద్ద ప్లేటు మీద లోతైన గీతలు గీస్తుంది. బడిలో వాడే సుద్దముక్కని ముందే ఆకురాయికి బాగా రుద్దితే అంత త్వరగా ఇరుక్కోదు. ఇరుక్కున్నదాన్ని తీగల బ్రష్‌తో పళ్ల వాలు వెంట దువ్వండి.

చివర్లో ఆకురాయిని అడ్డంగా రెండు చేతులా పట్టుకుని, అంచు పొడవునా చిత్రిక పట్టినట్టు లాగండి. అడ్డ గీతలు పోయి అంచు ఒకే మెరుపుతో వస్తుంది. స్టీలు స్కేలు ఆనించి వెలుతురుకి ఎదురుగా చూడండి. సందులో ఎక్కడ వెలుగు కనబడుతుందో అక్కడ పల్లం, మిగతాచోట ఇంకా తీయాలి. ఈ పనిలో నాకు ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది, తొందరపడాలని అనిపించలేదు.

రౌటర్‌తో కూడా అంచు తీయొచ్చు, ఒకే పన్ను ఉన్న కార్బైడ్ బిట్టుతో, ఒక్కసారికి అర మి.మీ. మించకుండా. బిట్టు తిరిగే దిశకి ఎదురుగానే నెట్టాలి. దిశ తప్పితే మెషిను చేతిలోంచి పరుగెడుతుంది. చెక్క మీద రౌటర్ బాగా అలవాటైనవాళ్లే దీని జోలికి వెళ్లండి.

బెంచ్ గ్రైండర్ రాయి మీద మాత్రం అల్యూమినియం పెట్టకండి. మెత్తటి లోహం రాయి రంధ్రాల్లో నిండిపోతుంది, రాయి కోయడం మాని వేడెక్కుతుంది, పగిలి ఎగిరే ప్రమాదం ఉంది.

నునుపు

ఒక చదరపు చెక్కముక్కకి ఎమరీ కాగితం చుట్టి 120, 180, 240, 320 వరసలో రుద్దుతూ రండి. సబ్బునీళ్లు చల్లుకుంటూ రుద్దితే పొడి గాలిలోకి లేవదు, కాగితం కూడా త్వరగా నిండిపోదు. పొడిగా రుద్దాల్సి వస్తే ముక్కుకి ఎన్95 మాస్కు ఉండాలి. రుద్దడం ఒకే దిశలో, ప్లేటు పొడవునా ఉండాలి. పక్కన ఒక పట్టీ బిగించి చెక్కముక్కని దానికి ఆనిస్తూ లాగితే గీతలన్నీ సమాంతరంగా వచ్చి, కొన్న ప్లేటులా కనబడుతుంది. ముందు కాగితం గీతలు పూర్తిగా పోయేదాకా తర్వాతి నంబరుకి వెళ్లకండి. 120 గీత ఒక్కటి మిగిలినా చివర్లో అదే కంటికి కొడుతుంది.

ఇప్పుడు చెక్కపనివాళ్లు ముఖ్యంగా చూడాల్సినది ఉంది. రుద్దిన అల్యూమినియం నల్లటి మరక వదులుతుంది. దాని మీద లేతరంగు టేకునో, బీచ్‌నో జరిపితే బూడిదరంగు చారలు పడతాయి, వాటిని తీయడానికి మళ్లీ చెక్కనే గీకాలి. అందుకని గిన్నెలు తోమే సబ్బుతో ప్లేటుని కడిగి, తెల్లటి పాత గుడ్డతో తుడవండి. గుడ్డకి నలుపు అంటనంతవరకూ కడుగుతూనే ఉండండి, నాలుగైదు సార్లు పట్టొచ్చు. ఆరాక పేస్ట్ వ్యాక్స్ పలుచగా రాసి మెరుగుపెట్టండి. చెక్క జారడానికి కూడా అది మంచిది. వాడకాన్ని బట్టి నెలకో రెండు నెలలకో మళ్లీ రాయాలి. రంగు వేయదలిస్తే మామూలు ప్రైమర్ నిలవదు, ఎచ్ ప్రైమర్ అడిగి తీసుకోండి.

ప్లేటు పూర్తయ్యాకే టేబుల్‌లో గాడి తీయండి. ప్లేటునే టేబుల్ మీద పెట్టి చుట్టూ పట్టీలు బిగించి, వాటి ఆధారంగా రౌటర్ నడిపితే గాడి ప్లేటుకి అచ్చంగా కుదురుతుంది. ముందు గాడి తీసి తర్వాత ప్లేటుని దానికి సరిపెట్టడం రెట్టింపు కష్టం.

ఇనుప ప్లేటు అయితే

5 మి.మీ. మైల్డ్ స్టీలు బ్రాకెట్టు లాంటిది కావాలంటే చిన్న కోతలకి హాక్సానే మేలు. బ్లేడు పళ్లు ముందుకి చూడాలి, నిదానంగా, పొడవుగా నెట్టాలి. జిగ్‌సాలో టీ118బీ లాంటి లోహం బ్లేడు వేసి, వేగం బాగా తగ్గించి, నూనె చుక్కలు వేస్తూ కోయొచ్చు. రజను నీలంగా మారుతుంటే వేడెక్కిపోతోందని, వేగం ఇంకా తగ్గించాలని అర్థం. అంచులు తీర్చాక తుప్పు, నూనె శుభ్రంగా తుడిచి, అదే రోజు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ కొట్టండి. మన వాతావరణంలో, ముఖ్యంగా కోస్తాలో, రుద్దిన ఇనుము ఒక్క రాత్రికే తుప్పు పూస్తుంది.

గ్రైండర్ తప్పనిసరైతే ఆరుబయట, గార్డు పెట్టుకుని వాడండి. కటింగ్ వీల్ కొనేటప్పుడు మధ్యలో ఉన్న లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది, చూడండి. గడువు దాటినా, కిందపడినా, తడిసినా పారేయాలి. కటింగ్ వీల్ పక్కతలంతో రుద్దకూడదు, దానికి గ్రైండింగ్ వీల్ వేరే ఉంది.

నిప్పురవ్వలు మనం అనుకున్నదానికంటే దూరం పోతాయి. అమెరికా అగ్నిప్రమాద ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 51బీ ప్రకారం ఇలాంటి పని చుట్టూ 35 అడుగుల లోపల మండే వస్తువు ఉండకూడదు, పని ముగిశాక కనీసం గంటసేపు ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఒకసారి వర్క్‌షాపు గుమ్మం దగ్గర నిలబడి రెండు నిమిషాలు గ్రైండర్ పట్టి, మెషిను పక్కన పెట్టి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గదిలో కమురు వాసన. మంట లేదు, పొగ కూడా సరిగ్గా లేదు. వెతగ్గా వెతగ్గా పొట్టు సంచి అడుగున కాల్చిన బీడీ అంత ఎర్రటి చుక్క కనబడింది. చెంబెడు నీళ్లతో ఆరిపోయింది. అది చెక్క పొట్టు కాబట్టి నీళ్లు పోశాను. అందులో అల్యూమినియం పొడి కలిసి ఉంటే ఆ నీళ్లే పోయకూడదు. అప్పటి నుంచి గ్రైండర్‌ని పెరటి గోడ పక్కనే వాడుతున్నాను, పని ఆపాక గంటకి ఫోన్‌లో అలారం పెట్టుకుని, అది మోగినప్పుడు వర్క్‌షాపు తలుపు తీసి లోపలి గాలి వాసన చూసి వస్తాను.